ఆ రెండు నిమిషాలు ఎవరివి? యూరప్ హై-స్పీడ్ రైలు సంస్థలకు ఒక బహిరంగ లేఖ

యూరప్‌లో హై-స్పీడ్ రైళ్ళు నడుపుతున్న సంస్థల అధికారులకు, ఆ సంస్థలకు నియమాలు రాసే యూరోపియన్ కమిషన్ రవాణా విభాగం వారికి,

నమస్కారం.

మీకు అర్థంకాని భాషలో ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదే సంగతి జర్మన్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి ఫిర్యాదు ఫారంలో నింపి పంపాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది, కామాలతో సహా. అందుకని ఈసారి మావాళ్ళు కూడా చదివేలా తెలుగులో రాస్తున్నాను. పైగా ఇందులోని అసలు ప్రశ్న మా నాన్నది. ఆయన దాన్ని తెలుగులోనే అడిగాడు. అనువాదం కావాలంటే చేసి పంపుతాను.

ముందు నాన్న గురించి చెప్పాలి. ఆయన హనుమకొండ బస్టాండులో ఆర్టీసీ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. చిన్న గది, ముందు మైకు, పక్కన రిజిస్టరు, గోడకి గడియారం. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అన్నది రాసుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపాడు. ఇంట్లోనూ అంతే. ఐదింటికి వస్తానని చెప్పి ఐదూ పదికి వస్తే, ఆ పది నిమిషాలు ఎక్కడ పోయాయో ఆయనకి లెక్క చెప్పాలి. అలాంటి మనిషికి జీవితంలో మొదటిసారి బండి తప్పిపోయింది. అదీ నా వల్ల.

పోయిన ఎండాకాలం అమ్మా నాన్నా నా దగ్గరికి వచ్చారు. నేను పదకొండేళ్ళుగా జర్మనీలోని కొలోన్‌లో ఉంటున్నాను. ఇక్కడి స్టేషన్ మీకు తెలిసిందే. పెద్ద చర్చి పక్కనే ఉంటుంది. గేట్లు లేవు, స్కానర్లు లేవు. మెట్లెక్కితే ప్లాట్‌ఫాం, ప్లాట్‌ఫాం మీద రైలు. 10:43 ఐసీఈకి (ఇక్కడి హై-స్పీడ్ రైలు) 10:42కి ఒక చేతిలో కాఫీ, ఒక చేతిలో బ్యాగుతో పరిగెత్తి ఎక్కిన రోజులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి. (10:43 రైలు 10:43కే వస్తుందని కాదు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.) పదకొండేళ్ళలో నా ఒంటికి పట్టిన అలవాటు ఇది: టికెట్ మీద ఉన్న టైముకి ఒక్క నిమిషం ముందున్నా చాలు, రైలు మనదే.

ఆ అలవాటుతోనే అమ్మానాన్నల్ని వేరే దేశం తీసుకెళ్ళాను. ఏ దేశమో, ఏ సంస్థో ఇక్కడ రాయను. అక్కడి ఉద్యోగి రూలు ప్రకారమే చేసింది, మర్యాదగానే మాట్లాడింది. నా గొడవ ఒక్క సంస్థతో కాదు, మీ అందరితోనూ.

టికెట్ మీద 14:31 అని ఉంది. మెట్రో ఆలస్యమై స్టేషన్లోకి వచ్చేసరికి 14:20. బోర్డు చూసి ప్లాట్‌ఫాం నంబరు వెతుక్కున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకని మెట్లు వదిలి ఎస్కలేటర్ ఉన్న వైపు చుట్టు తిరిగి వచ్చాం. గేటు దగ్గరికి చేరేసరికి 14:29 దాటి ఓ ఇరవై సెకన్లు. టికెట్ పెడితే ఎర్ర లైటు వచ్చింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎర్ర లైటే. గాజు తలుపుల అవతల పది అడుగుల దూరంలో రైలు నిలబడి ఉంది. కిటికీలోంచి ఒక పిల్లాడు మమ్మల్నే చూస్తున్నాడు. అక్కడున్న అమ్మాయి తన చేతి గడియారం చూపించి, రెండు వేళ్ళు ఎత్తి, తల అడ్డంగా ఊపింది.

"ఇంక టైమున్నది కద బిడ్డా, గేటెందుకు మూసిండ్రు?" అన్నాడు నాన్న.

నేను ఇంగ్లీషులో బతిమాలుతున్నాను, అమ్మ నా కొంగు... కొంగు కాదు, జాకెట్ పట్టుకుని లాగుతోంది, వదిలెయ్యి అని. ఇంతలో రైలు కదిలింది. నాన్న స్టేషన్ గడియారం వైపు చూసి, "టైముకే తీసిండు" అన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఉంది. వృత్తి గౌరవం అనుకుంటా. ఆ తర్వాత బెంచీ మీద కూర్చుని, నెమ్మదిగా, రిజిస్టరులో తేడా వచ్చినప్పుడు అడిగినట్టే అడిగాడు:

"బండి పోయింది 2:31కి. టికెట్ మీద ఉన్నది 2:31. మనం వచ్చింది 2:29కి. మరి ఆ రెండు నిమిషాలు ఎవరివి బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందేమోనని ఈ ఉత్తరం.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. మావి మార్చుకోవడానికి వీల్లేని చౌక టికెట్లు. మూడూ పోయాయి. తర్వాతి రైలుకి అప్పటికప్పుడు కొన్న టికెట్లు దాదాపు రెట్టింపు పడ్డాయి. నాన్నకి అసలు రేటు చెప్పలేదు. ఈ ఉత్తరం ఆయన చదివితే ఇప్పుడు తెలుస్తుంది.

రాత్రి హోటల్లో టికెట్ మెయిలు తెరిచి వెతికాను. గేటు 2 నిమిషాల ముందు మూస్తామన్న మాట ఉంది, లేదని అనను. మెయిల్లో కిందికి వెళ్తే "మీ ప్రయాణానికి ముందు" అని ఒక లింకు, అది నొక్కితే ఒక పేజీ, అందులో సామాను, సైకిళ్ళు, పెంపుడు జంతువుల తర్వాత ఆ వాక్యం. కుక్కని తీసుకెళ్ళాలంటే ఏం చేయాలో ముందు తెలిసింది, మనిషి ఎన్నింటికి రావాలో తర్వాత తెలిసింది. తప్పు నాదే, చదువుకోవాల్సింది అని సరిపెట్టుకుందామనే అనుకున్నాను. కానీ ఇంటికి వచ్చాక ఒక ఆదివారమంతా కూర్చుని మీ అందరి నిబంధనలూ చదివాను. చదివేకొద్దీ, ఇది నా ఒక్కదాని బద్ధకం కాదని తెలిసింది.

జర్మనీలో ఐసీఈకి గేటు లేదు. సరిహద్దు దాటి ఫ్రాన్స్ వెళ్తే, అక్కడి హై-స్పీడ్ రైలు టీజీవీ ఎక్కడం 2 నిమిషాల ముందే ఆగిపోతుంది. అదే ఫ్రాన్స్ రైల్వే వారి చౌక రైలు విగో అయితే అరగంట ముందు రమ్మంటుంది. పట్టాలు అవే, స్టేషన్ అదే కావచ్చు, రైలు రంగు మారితే లెక్క మారుతుంది. స్పెయిన్‌లో ఏవీఈ అనే హై-స్పీడ్ రైలుకి సామాను స్కానర్‌లో పెట్టి రావాలి, అక్కడా 2 నిమిషాల ముందు ఎక్కనివ్వడం ఆపేస్తారు. కానీ స్కానర్ దగ్గర వరస ఎంత ఉంటుందో టికెట్ చెప్పదు. (2004 మార్చి 11న మాడ్రిడ్‌లో బాంబులు పేలింది ఊళ్ళోకి వచ్చే లోకల్ రైళ్ళలో. వాటికి ఇప్పటికీ స్కానర్ లేదు. ఇది పక్క సంగతి, కానీ ఆ వరసలో నిలబడ్డప్పుడల్లా గుర్తొస్తుంది.) ఇటలీలో మిలాన్, రోమ్ లాంటి పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫాంకి ముందే టికెట్ చూసే గేట్లున్నాయి. చిన్న స్టేషన్లో అదే రైలు ఎక్కితే ఏ గేటూ లేదు.

ఇక యూరోస్టార్ సంగతి. సముద్రం కింది సొరంగంలోంచి ఇంగ్లండుకి రైళ్ళు నడిపే సంస్థ అది. దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే ఈ గందరగోళమంతా ఒకే పేరు కింద ఇక్కడ దొరుకుతుంది.

లండన్ వెళ్ళే యూరోస్టార్‌కి బయలుదేరడానికి 30 నిమిషాల ముందు గేట్లు మూసేస్తారు. ఎక్కువ డబ్బు పెట్టిన తరగతి వాళ్ళకి ఇంకాస్త ఆలస్యంగా వచ్చే వెసులుబాటు ఉంది. దానికి కారణం ఉంది, నాకు తెలుసు. 1994లో సొరంగం తెరిచిన దగ్గర్నుంచీ సామాను తనిఖీ ఉంది. బ్రిటన్, తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో లేదు కాబట్టి పాస్‌పోర్టు తనిఖీ ఉంది. అదీ రెండు దేశాల వాళ్ళూ రైలు ఎక్కే చోటే చేస్తారు. బ్రస్సెల్స్‌లో ఎక్కితే బ్రిటన్ అధికారి బ్రస్సెల్స్‌లోనే మన పాస్‌పోర్టు చూస్తాడు. అరగంట ముందు మూయడం మీద నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, బ్రస్సెల్స్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ మధ్య నడిచే ఎర్ర రైళ్ళు మొన్నమొన్నటి దాకా థాలిస్ అనే పేరుతో ఉండేవి. 2023లో ఆ పేరు తీసేసి వాటికీ యూరోస్టార్ అనే పెట్టారు. ఆ రైళ్ళు షెంగెన్ దాటవు. పాస్‌పోర్టు తనిఖీ లేదు, అరగంట గేటు లేదు. అంటే కొలోన్‌లో నేను యూరోస్టార్ ఎక్కడానికి నేరుగా ప్లాట్‌ఫాం మీదికి నడిచి వెళ్తాను. బ్రస్సెల్స్‌లో దిగి, లండన్‌కి యూరోస్టార్ మారాలంటే అరగంట ముందు గేటు దాటి ఉండాలి. పొద్దున ఎక్కిన రైలు, మధ్యాహ్నం ఎక్కే రైలు, రెండిటి మీదా ఒకటే పేరు, ఒకటే గుర్తు, ఫోన్లో ఒకటే యాప్. పారిస్ గార్ దు నోర్‌లో అయితే ఒకే కప్పు కింద ఉంటాయి ఈ రెండూ. లండన్‌కి పై అంతస్తుకి వెళ్ళి వరసలో నిలబడాలి, బ్రస్సెల్స్‌కి కింద ప్లాట్‌ఫాం మీదికి నడవాలి. "యూరోస్టార్ ఎక్కడ?" అని అడిగితే ఎవరు ఏ వైపు చూపిస్తారో మన అదృష్టం.

మా తమ్ముడు లండన్ దగ్గర చదువుకుంటున్నాడు. అమ్మానాన్నలకి బ్రిటన్ వీసా కూడా తీసి ఉంచాం కాబట్టి, రైలు తప్పిన పదిహేను రోజులకి వాణ్ణి చూడ్డానికి సరిగ్గా ఈ దారినే వెళ్ళాం. ఏ ఇబ్బందీ జరగలేదు. జరగదు, ఎందుకంటే నేను బ్రస్సెల్స్‌లో మూడు గంటలు ముందుగా దింపేశాను. ఒకసారి చెయ్యి కాలిన దాన్ని కదా. ఆ మూడు గంటలూ అమ్మ పచ్చళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని స్టేషన్లో కూర్చుంది. నాన్న మాత్రం సంతోషంగా ఉన్నాడు. వచ్చే పోయే రైళ్ళన్నీ చూసి, బోర్డు మీది టైముతో పోల్చుకుంటూ కాలక్షేపం చేశాడు. లండన్‌లో దిగాక ఆయనకి ఇంకో ముచ్చట. రెండు గంటల ప్రయాణం, గడియారంలో మాత్రం గంటే గడిచింది.

మాలాంటి వాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది, మీరు బహుశా ఆలోచించి ఉండరు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళం. యంత్రం గేట్లలోంచి చకచకా వెళ్ళిపోయే వరస మాది కాదు. మనిషి కూర్చుని పేజీలు తిప్పే వరస మాది. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో కొత్త రాకపోకల నమోదు విధానం కూడా మొదలైంది. కాబట్టి "అరగంట ముందు మూస్తాం" అన్న ఒక్క అంకె, ముందున్న వరస ఎంతో తెలియకపోతే, మా చేతిలో సగం సమాచారమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ అందరి టికెట్ల మీదా ఒక పెద్ద అంకె ఉంటుంది. 14:31. మేము చూసేది అదే, గుర్తుపెట్టుకునేది అదే, ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు వెనక్కి లెక్కపెట్టుకునేది దాని నుంచే. ఆ అంకెకి ఒక దేశంలో "ఈలోపు ఎక్కు" అని అర్థం. ఇంకో దేశంలో "రెండు నిమిషాల క్రితమే మూసేశాం" అని అర్థం. మరో చోట "అరగంట క్రితమే మూసేశాం" అని. అంకె ఒకటే, అచ్చు ఒకటే, అర్థాలు మూడు. ఏ అర్థమో చెప్పే వాక్యం మాత్రం చాలాసార్లు ఎక్కడో లింకు కింద ఉంటుంది.

దానికి తోడు "రమ్మని సలహా", "తప్పనిసరి" అన్న రెండు మాటల్ని మీరు కలిపేస్తారు. గంట ముందు రమ్మంటారు. ఒకసారి అలాగే వెళ్తే ఊరికే కూర్చోబెడతారు. రెండోసారి మనం దాన్ని సలహాలే అని తేలిగ్గా తీసుకుంటాం. మూడోసారి మూసేసిన గేటు ముందు నిలబడతాం. గంట ముందు అన్నది మీ కోరిక. మూయడం అన్నది మీ నిర్ణయం. ఈ రెండూ వేరు వేరు అంకెలుగా కనిపించాలి.

ఇంకోటి. ఫ్రాన్స్ పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫాం నంబరు దాదాపు 20 నిమిషాల ముందు గానీ బోర్డు మీద వెయ్యరు. అది వేయగానే హాల్లో తలలెత్తి నిలబడ్డ వందలమంది ఒక్కసారి కదులుతారు, తిరునాళ్ళలో గుడి తలుపు తెరిచినట్టే. రెండు టీజీవీలు కలిపి నడిపితే ఆ రైలు పొడవు 400 మీటర్లు. ముందు బండి, వెనక బండి మధ్య లోపల్నుంచి దారి ఉండదు. తప్పు సగంలో ఎక్కితే నడిచి మీ సీటుకి చేరలేరు, ఇంకో స్టేషన్లో దిగి పరిగెత్తాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, రెండు సూట్‌కేసులు, 400 మీటర్లు. మీరు ఇచ్చే 20 నిమిషాల్లోంచి గేటు వరస తీసేయండి, నడక తీసేయండి, చివరి 2 నిమిషాలు తీసేయండి. మిగిలింది చూసి చెప్పండి, మేం ఎక్కడ బద్ధకించామో.

రూలు ఎందుకుందో నాకు అర్థమవుతుందని మళ్ళీ చెబుతున్నాను. పారిస్–లియోన్ లాంటి లైను మీద వెనకాల ఐదు నిమిషాల్లోపే ఇంకో రైలు ఉంటుంది. ఒక తలుపు పది సెకన్లు ఆగితే వెనక వరసంతా ఆగుతుంది. గంటకి 300 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండిని చెయ్యెత్తితే ఆపడం కుదరదు. మా ఊరి బస్సులా కదిలాక కూడా ఎక్కనివ్వమని ఎవరూ అడగడం లేదు. ఈ మాట నాన్నే అన్నాడు: "గేటు మూసుడు తప్పు కాదు. మూసే టైము దాచుడు తప్పు."

అయితే ఈ నిక్కచ్చితనం ఒకవైపే ఉంది. అది నాకు కొరుకుడుపడదు.

యూరోపియన్ యూనియన్ రైలు ప్రయాణికుల హక్కుల నియమావళి, 2021/782, 2023 జూన్ 7 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీ రైలు 60 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ డబ్బులో 25 శాతం, 120 నిమిషాలు, అంతకు మించి అయితే 50 శాతం వెనక్కివ్వాలి. కొన్ని సంస్థలు తమంతట తాము ఇంకా ముందు నుంచే ఎంతో కొంత ఇస్తాయి, కాదనను. కానీ చట్టం లెక్కలో 59 నిమిషాల ఆలస్యానికి మీరు మాకు బాకీ లేరు. జర్మన్ రైల్వే అయితే 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగానే లెక్కపెట్టదు. అంత ఉదారంగా లెక్కపెట్టినా 2024లో దూరప్రయాణపు రైళ్ళలో 62.5 శాతమే టైముకి వచ్చాయి. మేము మాత్రం టికెట్ మీది టైముకి ఇంకా నిమిషం నలభై సెకన్లు ఉండగా వస్తే నూటికి నూరు శాతం పోగొట్టుకుంటాం. మీ 59 నిమిషాలకి సున్నా, మా నిమిషం నలభైకి వంద. ఈ లెక్క నాన్నకి చెప్తే నవ్వాడు. ఆర్టీసీలో ఉన్నప్పుడు కూడా ఇంత లాభసాటి రిజిస్టరు చూడలేదట.

కమిషన్ వారికి ప్రత్యేకంగా ఒక మాట. "ఎన్నింటికి రావాలన్నది సంస్థల సొంత వ్యవహారం, చట్టం అందులో తలదూర్చదు" అని మీరు అనడానికి లేదు. ఇదే నియమావళిలో మీరు తలదూర్చారు. వీల్‌చైర్ వాడేవాళ్ళు, నడవలేనివాళ్ళు సాయం కావాలని ముందుగా చెప్పినప్పుడు వాళ్ళని ఎంత ముందు రమ్మనవచ్చో రాశారు. బయలుదేరే టైముకి 60 నిమిషాలకంటే ముందు రమ్మనకూడదు. సంస్థ ఏ టైమూ చెప్పకపోతే 30 నిమిషాల ముందు వస్తే సరిపోతుంది. ఎంత శుభ్రంగా ఉంది! ఒక పరిమితి, అది చెప్పకపోతే ఏం వర్తిస్తుందో ఇంకో వాక్యం. మిగతా ప్రయాణికుల విషయంలో ఇలాంటి రెండు వాక్యాలు రాయడానికి ఏం అడ్డొచ్చింది?

2025 నవంబర్‌లో మీరు హై-స్పీడ్ రైళ్ళ మీద పెద్ద ప్రణాళిక ప్రకటించారు. బెర్లిన్ నుంచి కోపెన్‌హాగెన్‌కి ఇప్పుడు పట్టే ఏడు గంటలు 2030 నాటికి నాలుగు గంటలవుతుందట. చాలా సంతోషం. కానీ ఎన్నింటికి గేటు మూస్తారో తెలియక ప్రతివాళ్ళూ గంటన్నర ముందొచ్చి కూర్చుంటే, పట్టాల మీద మిగిల్చిన మూడు గంటల్లో సగం బెంచీల మీద కరిగిపోతుంది. దేశాలు దాటే రైలు ఎక్కేవాడికి ఒక దేశం అలవాటు ఇంకో దేశంలో పనికిరాదు. మీరు కలపాలనుకుంటున్నది పట్టాల్నే అయితే ఇది చిన్న విషయం. ప్రయాణాల్ని అయితే కాదు.

నేను అడుగుతున్నది ఇదీ.

టికెట్ మీద, యాప్ మీద, స్టేషన్ బోర్డు మీద బయలుదేరే టైము ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో అంతే పెద్దగా మూసే టైము కూడా వెయ్యండి. "2 నిమిషాల ముందు" అని కాదు. "14:29" అని. "30 నిమిషాల ముందు" అని కాదు. "14:01" అని. తీసివేతలు మీ కంప్యూటర్‌ని చెయ్యమనండి, రెండు సూట్‌కేసులతో పరిగెత్తే మనిషిని చెయ్యమనకండి. నాన్నకి ఇంగ్లీషు చదవడం వచ్చు. ఫ్రెంచ్ రాదు, స్పానిష్ రాదు, డచ్ రాదు. అంకెలు మాత్రం ఏ దేశంలోనైనా చదువుతాడు. ఒక గేటు బొమ్మ, పక్కన ఒక అంకె. ఇరవై నాలుగు అధికార భాషలున్న యూనియన్‌కి ఇంతకంటే చవకైన అనువాదం దొరకదు.

విమానం బోర్డింగ్ పాస్ తీసి చూడండి. గేటు ఎన్నింటికి మూస్తారో చాలావాటి మీద ఉంటుంది. శంషాబాద్‌లో మొదటిసారి విమానం ఎక్కిన అమ్మ ఎవర్నీ అడక్కుండా అది చూసుకుంది. విమానాల్నుంచి ప్రయాణికుల్ని మీ వైపు తిప్పుకోవాలని ఏళ్ళ తరబడి ప్రకటనలు వేస్తున్నారు. వాళ్ళ దగ్గర్నుంచి గేట్లు, స్కానర్లు, రోజుకో టికెట్ రేటు అన్నీ తెచ్చుకున్నారు. పనికొచ్చే ఆ ఒక్క ముక్క ఎందుకు వదిలేశారు?

రైలు మారే చోట కూడా ఇదే. మీ యాప్ "మారడానికి 12 నిమిషాలు" అని చూపిస్తుంది. రెండో రైలుకి గేటు ఉంటే ఆ పన్నెండు నిజానికి పది. వరస ఉంటే ఆరు. బయలుదేరే టైము వరకు కాకుండా మూసే టైము వరకు లెక్కపెట్టి చూపించండి. అప్పుడు అంత తక్కువ వ్యవధిలో మారే టికెట్లు మీ యాప్ అమ్మనే అమ్మదు, అది కూడా మంచిదే.

ఇవి చెయ్యడానికి కొత్త పట్టాలు వెయ్యక్కర్లేదు, కొత్త సొరంగం తవ్వక్కర్లేదు.

ఒకసారి నాన్నని అడిగాను, నువ్వు కంట్రోలర్‌గా ఉన్నప్పుడు ఎలా చేసేవాడివి అని. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "బోర్డు మీద నాలుగున్నర అనే ఉండేది. ఎవరన్న వచ్చి అడిగితె, నాలుగూ ఇరవై అయిదుకు పోతది, జల్ది ఎక్కుండ్రి అని చెప్పేటోన్ని. ఎక్కేటోళ్ళకు చెప్పాల్సింది ఎక్కే టైము. బండి టైము డ్రైవర్‌కు చెప్తె చాలు." మరి ఐదు నిమిషాలు ఖాళీగా కూర్చోబెట్టినందుకు ఎవరూ కోప్పడలేదా అన్నాను. "కోప్పడెటోళ్ళు. బస్సుల కూసోని కోప్పడెటోళ్ళు" అన్నాడు.

లండన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు టికెట్లు నేను ప్రింటు తీసి ఇచ్చాను. నాన్న వాటి మీద నీలం పెన్నుతో, మీరు వేసిన పెద్ద అంకె పక్కనే, అంతకంటే పెద్దగా గేటు మూసే టైము రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. అమ్మ టికెట్ మీద కూడా రాశాడు. ఆయన దస్తూరి ఇప్పటికీ రిజిస్టరులో రాసినట్టే ఉంటుంది. ఆ రెండు కాగితాల ఫోటో ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను. సీటు నంబర్లు చెరిపేశాను, మిగతాదంతా అలాగే ఉంది. టికెట్ నమూనా గీసేవాళ్ళకి ఒకసారి చూపించండి.

ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు ఏ భాషలో పంపినా పర్వాలేదు. చదివి వినిపిస్తాను.

ఇట్లు,
కొలోన్ నుంచి,
హనుమకొండ కంట్రోలర్ గారి బిడ్డ